మనిషి ఎదుగుదలను చదవడం ఎలా? పురిటి నుంచి పండు వయసు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

టెట్, డీఎస్సీకి చదివేవాళ్ళు, బీఎడ్, డీఎడ్, హోంసైన్స్ విద్యార్థులు, మధ్యలో కొందరు తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి. వరసగానే చదవాలని లేదు.

మానవ వికాసం అంటే పిల్లల సైకాలజీయే కదా? పేరు మార్చారంతేనా?

ఒకప్పుడు దాదాపు అంతే. మనిషి ఇరవై ఏళ్ళ దాకా ఎదుగుతాడు, తర్వాత కొన్నాళ్ళు అలాగే ఉంటాడు, ఆపైన తగ్గిపోతాడు అనుకునేవారు. 20వ శతాబ్దం రెండో సగంలో జర్మన్ సైకాలజిస్టు పాల్ బాల్టెస్ లాంటివాళ్ళు ఈ లెక్కను ఒప్పుకోలేదు. ఏ వయసులోనైనా కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని తగ్గుతుంటాయి, రెండూ కలిస్తేనే వికాసం అన్నారు. పసిబిడ్డకు కూడా పోయేవి ఉన్నాయి. ఆరు నెలల పాప ప్రపంచంలోని ఏ భాష శబ్దాల మధ్య తేడానైనా పట్టేస్తుంది. ఏడాది నిండేసరికి ఇంట్లో వినబడే భాషలో పదును పెరుగుతుంది, వినబడని భాషల శబ్దాల మీద పట్టు సడలుతుంది.

కాబట్టి ఈ చదువు కడుపులో పడ్డప్పటి నుంచి చివరి దాకా సాగుతుంది. పిల్లల డాక్టర్లు, సైకాలజిస్టులు, ఆంత్రపాలజీ వాళ్ళు, పోషకాహార నిపుణులు, జనాభా లెక్కల వాళ్ళు అందరూ ఇందులో పనిచేస్తారు. మన టీచర్ ట్రైనింగ్ సిలబస్‌లో మాత్రం కౌమారం దాటాక దాదాపు ఏమీ ఉండదు. బడిలో పనికొచ్చేంతవరకే పెట్టారు, అది అర్థం చేసుకోవచ్చు. కానీ అదే మొత్తం సబ్జెక్టు అనుకుంటే ముప్పై ఏళ్ళ టీచరమ్మ తన వికాసం ఎప్పుడో అయిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

పెరుగుదల, వికాసం: తేడా ఒక్క ముక్కలో?

టేపుతో, త్రాసుతో కొలవగలిగేది పెరుగుదల. పనితీరులో, నేర్పులో, ఆలోచనలో వచ్చే మార్పు వికాసం. పరీక్షకు ఇది చాలు. నిజ జీవితంలో రెండూ కలిసే నడుస్తాయి.

మనిషి ఫలానా వయసులో ఫలానా విధంగా ఎదుగుతాడని ఎవరు, ఎలా కనిపెట్టారు?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఒంటబడితే మిగతా సబ్జెక్టు సగం వచ్చేసినట్టే. పుస్తకంలో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరు ఎవర్నో చూశారు, కొలిచారు, రాసిపెట్టుకున్నారు. ఎవర్ని, ఎంతకాలం, ఎలా చూశారన్నదాన్ని బట్టే ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఫ్రాన్సులో మోంబెయ్యార్ అనే పెద్దమనిషి 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును పద్దెనిమిదేళ్ళ పాటు, దాదాపు ఆర్నెల్లకోసారి కొలిచి రాశాడు. ఒక్క పిల్లాడే. అయినా ఆ అంకెలు ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. ఎందుకంటే పిల్లాడు ఎంత ఎత్తున్నాడన్నది కాకుండా, ఏ ఏడాది ఎంత పెరిగాడన్నది గీసి చూస్తే అసలు కథ బయటపడింది. మొదటి ఏడాది బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండో ఏడాది 12కు అటూ ఇటూ. తర్వాత ఏటా 5 నుంచి 7 మధ్య నిదానంగా సాగుతుంది. కౌమారంలో మళ్ళీ ఒక్క ఊపు. ఆడపిల్లల్లో ఆ ఊపు పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లల్లో పద్నాలుగు ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. ఏడో తరగతిలో అమ్మాయిలు అబ్బాయిల కంటే పొడుగ్గా కనబడటం, పదో తరగతికి లెక్క తారుమారు కావడం ఇందుకే.

వంద మంది వేర్వేరు వయసుల పిల్లల్ని ఒకే రోజు కొలిచి సగటు తీస్తే ఈ ఊపు ఇంత స్పష్టంగా కనబడదు. ఒకడికి ముందొస్తుంది, ఒకడికి వెనకొస్తుంది, సగటులో అంతా చదునైపోతుంది. ఒకే మనిషి వెంట పడితేనే దొరికే విషయం అది.

అంటే ఒకే మనుషుల వెంట ఏళ్ళ తరబడి వెళ్ళే అనుదైర్ఘ్య పద్ధతే గొప్పదా? వేర్వేరు వయసులవాళ్ళను ఒకేసారి కొలిచే క్రాస్ సెక్షనల్ పద్ధతి పనికిరాదా?

పనికొస్తుంది, కానీ జాగ్రత్తగా వాడాలి. ఒకే రోజు 30, 50, 70 ఏళ్ళవాళ్ళకు తెలివితేటల పరీక్ష పెట్టామనుకోండి. 70 ఏళ్ళవాళ్ళకు తక్కువ మార్కులొస్తాయి. వయసు వల్ల తెలివి తగ్గిందని రాసేస్తాం. కానీ ఆ తాతగారు నాలుగో తరగతితో బడి మానేశారు, ముప్పై ఏళ్ళాయన డిగ్రీ చదివాడు. మనం కొలిచింది వయసునా, చదువునా? ఒకే కాలంలో పుట్టి ఒకేలాంటి పరిస్థితుల్లో పెరిగిన తరం ప్రభావాన్ని వయసు ప్రభావంగా పొరబడటం ఈ రంగంలో పాత జబ్బు.

అమెరికాలో వార్నర్ షాయి 1956లో సియాటిల్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఏడేళ్ళకోసారి అదే మనుషుల్ని మళ్ళీ పరీక్షించాడు. కొత్తవాళ్ళనూ కలుపుకుంటూ పోయాడు. ఒకే రోజు లెక్కల్లో నడివయసు నుంచే జారుడు కనబడింది. అదే మనుషుల వెంట వెళ్తే చాలా సామర్థ్యాలు అరవై ప్రాంతం దాకా నిలబడ్డాయి. వేగం మాత్రం ముందే తగ్గింది.

అలాగని అనుదైర్ఘ్య పద్ధతి నిర్దోషి కాదు. జనం ఊళ్ళు మారిపోతారు, విసుగొచ్చి మానేస్తారు, చనిపోతారు. చివరి దాకా మిగిలేది ఎక్కువగా ఆరోగ్యం, స్థోమత ఉన్నవాళ్ళే కాబట్టి ఫలితం ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం 1972–73లో పుట్టిన 1037 మంది పిల్లలతో మొదలైంది, బతికున్నవాళ్ళలో 90 శాతానికి పైగా నేటికీ వస్తున్నారు. దూరదేశాల్లో స్థిరపడినవాళ్ళకు రాకపోకల ఖర్చు పెట్టుకుని మరీ రప్పిస్తారు. అందుకే దానికంత పేరు. ఇక మనిషి జీవితాంతం ఆరోగ్యంగా, సంతోషంగా ఉండటానికి ఏం కావాలో చూడటానికి 1938లో మొదలైన హార్వర్డ్ అధ్యయనం గురించి యూట్యూబ్‌లో ఊదరగొట్టేస్తుంటారు. మంచి అధ్యయనమే. కానీ మొదట తీసుకున్నది 268 మంది హార్వర్డ్ కుర్రాళ్ళను, అందరూ మగవాళ్ళు, అందరూ తెల్లవాళ్ళు. వాళ్ళ సుఖదుఃఖాలను తెచ్చి మన పెద్దమ్మకు సూత్రంగా చెప్పేముందు ఒక్క క్షణం ఆగాలి.

మన తెలుగు ప్రాంతంలో ఇలాంటివి జరిగాయా?

జరిగాయి. మన విద్యార్థులకే తెలియదు. పరీక్షలో అమెరికన్ సైకాలజిస్టు గెసెల్ కవలల మీద చేసిన ప్రయోగం గురించి అడిగితే టకటకా చెప్పేవాళ్ళు కూడా వీటి పేరు విని ఉండరు.

ఒకటి యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇక్కడ 3000 మంది పిల్లలు: 2001–02 ప్రాంతంలో పుట్టిన 2000 మంది, 1994–95 ప్రాంతంలో పుట్టిన 1000 మంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌ల నుంచి తీసుకున్నారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఉద్యోగాలు వెతుక్కున్నారు, మధ్యలో రాష్ట్రం రెండైంది. అధ్యయనం మాత్రం వాళ్ళ వెంటే నడిచింది.

రెండోది హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జరిగింది. 1987 నుంచి 1990 దాకా 15 ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) కింద అదనపు ఆహారం అందింది. ఆ పథకం ఇంకా చేరని మరో 14 ఊళ్ళను పోల్చి చూడటానికి తీసుకున్నారు. జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి 2003–05లో ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళారు. అప్పటికి పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల సాగుడు లాంటి కొలతల్లోనూ మెరుగ్గా ఉన్నారు. 14 మిల్లీమీటర్లేనా అనిపిస్తుంది. పసితనంలో తిన్న పిడికెడు తిండి పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కనబడటం చిన్న విషయమేం కాదు.

పెద్దవయసు గురించైతే లాసీ ఉంది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ 2017–18లో దేశమంతా 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులను కలిసి మొదటి విడత పూర్తిచేసింది. అదే మనుషుల్ని మళ్ళీ మళ్ళీ కలిసేలా రూపొందించిన అధ్యయనం.

మా బాబుకు పది నెలలు. ఇంకా పాకట్లేదు. పక్కింటి పాప ఎనిమిదో నెలకే పాకింది. టెన్షన్ పడాలా?

పాకడం ఒక్కదాని కోసమే అయితే వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పిల్లల్ని గమనించి కదలికలకు గడువులు ఇచ్చింది. చేతులు, మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. రెండూ ఆరోగ్యవంతమైన పిల్లల లెక్కలే. నూటికి నలుగురు అసలు మోకాళ్ళ మీద పాకకుండానే, కూర్చుని జరుగుతూనో నేరుగా లేచి నిలబడో నడకలోకి వెళ్ళిపోయారు.

మన ఇళ్ళలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచుతారు. ఆ వేడుకలకు తారీఖు లేదు, గమనించారా? బిడ్డ చేసినప్పుడే పండగ. నెలల చొప్పున పోటీ పెట్టింది ఫోన్లలోని యాప్‌లు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులే.

అయితే కొన్నిటిని మాత్రం చూద్దాంలే అని వదిలేయకూడదు. నాలుగైదు నెలలకీ మెడ నిలబడకపోవడం, పది నెలలకీ ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, పద్దెనిమిది నెలలకీ నడవకపోవడం, పదహారు నెలలకీ ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకీ రెండు మాటలు కలపకపోవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం. వీటన్నిటికంటే ముఖ్యం, వచ్చినది పోవడం. నిన్నటిదాకా అత్తా, తాతా అన్న పిల్లాడు మాట మానేస్తే ఏ వయసైనా సరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. వాళ్ళ నాన్నకీ మాట ఆలస్యంగానే వచ్చిందంటూ పెద్దలు ఆపుతారు. మంచి మనసుతోనే చెప్తారు, కానీ ఆ ఆర్నెల్లు మళ్ళీ దొరకవు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో ఉచితంగా స్క్రీనింగ్ చేస్తారు. అవసరమైతే పై కేంద్రానికి పంపుతారు.

ఎత్తు, బరువు కొలవడానికి ట్రైనింగ్ ఎందుకు? ఎవరైనా కొలుస్తారు కదా?

ప్రాక్టికల్స్‌కి ఒక పూట అంగన్‌వాడీలో కూర్చుంటే మీకే తెలుస్తుంది. రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. కొలతబల్ల మీద తల ఒకరు పట్టుకోవాలి, మోకాళ్ళు నొక్కి పాదాలకు పలక ఆనించడం ఇంకొకరు చేయాలి. ఇద్దరు లేకుండా ఈ పని కాదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, నడుము విల్లులా లేపుతుంది, తల్లి కంగారు పడి చెయ్యి అడ్డం పెడుతుంది. ఆ ఒక్క క్షణంలో చూసే అంకెకు సెంటీమీటరు అటూ ఇటూ అయితే బిడ్డ చార్టులో ఒక గీత నుంచి ఇంకో గీతకు దూకుతుంది. అందుకే రెండుసార్లు కొలవాలి, రెండూ రాయాలి.

రెండేళ్ళు దాటాక నిలబెట్టి కొలుస్తారు. పడుకోబెట్టిన కొలత కంటే నిలబెట్టిన కొలత సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ఇది తెలియక రెండో పుట్టినరోజు దాటగానే మా పాప పొట్టిదైపోయిందని భయపడ్డ తల్లులున్నారు. జడ విప్పించాలి, రబ్బరుబ్యాండు, క్లిప్పులు తీయించాలి, మడమలు గోడకు ఆనాలి. పొద్దున కొలిచిన దానికంటే సాయంత్రం కాస్త తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు కొలిస్తే మంచిది. బరువుకైతే చలికాలం స్వెట్టరు, కాళ్ళ పట్టీలు, మొలతాడుకున్న తాయెత్తులు అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. తాయెత్తు తీయడానికి నాయనమ్మ ఒప్పుకోకపోతే గొడవపడొద్దు, ఉన్నట్టుగా నమోదు చేసుకోండి.

జబ్బ చుట్టుకొలత పట్టీ తేలిక. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్రమైన పోషణ లోపం, 12.5 లోపు ఉంటే మధ్యస్థం.

గ్రోత్ చార్టులో మా పాప కింది గీత మీద ఉంది. ఫెయిలయినట్టేనా?

చార్టు ప్రోగ్రెస్ కార్డు కాదు. ఒక్క చుక్క పెట్టి ఏమీ చెప్పలేం. నెలనెలా పెట్టిన చుక్కలు కలిపితే వచ్చే గీత ఎటు పోతోందన్నదే ముఖ్యం. అమ్మానాన్నా పొట్టివాళ్ళయి, పాప మొదటి నుంచీ కింది గీత వెంటే చక్కగా వెళ్తుంటే కంగారు లేదు. పైగీత మీద ఉన్న పిల్లాడు రెండు మూడు నెలలుగా అడ్డంగా సాగుతున్నాడంటే చూడాల్సింది అతన్ని.

తల్లిదండ్రుల ఎత్తుల నుంచి పిల్లల ఎత్తు అంచనా వేయడానికి డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. ఇద్దరి ఎత్తులూ సెంటీమీటర్లలో కూడండి. అబ్బాయికి 13 కలపండి, అమ్మాయికి 13 తీసేయండి, రెండుతో భాగించండి. అది అంచనా మాత్రమే, కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది.

ఇంకో మాట. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇప్పుడు వాడే ప్రమాణాలు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చినవి. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాలలో తల్లిపాలు తాగి, సరైన వాతావరణంలో పెరిగిన పిల్లల నుంచి తయారుచేశారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. మనవాళ్ళు పుట్టుకతోనే పొట్టి, ఆ చార్టు మనకు వర్తించదనే వాదన అందుకే నిలవదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంతమందిని జన్యువుల ఖాతాలో వేసి చేతులు దులుపుకోలేం.

పియాజే దశలు బట్టీ పట్టక తప్పదా?

పిల్లల ఆలోచన నాలుగు దశల్లో ఎదుగుతుందన్నాడు స్విస్ సైకాలజిస్టు పియాజే. మార్కుల కోసం ఆ నాలుగు పేర్లు, వయసులు గుర్తుపెట్టుకోండి: ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక దశలు. రెండేళ్ళు, ఏడేళ్ళు, పదకొండేళ్ళు సరిహద్దులు. తర్వాత పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళండి.

చపాతీ పిండి రెండు సమానమైన ఉండలు చేయండి. ఐదేళ్ళ పిల్లనొకదాన్ని కూర్చోబెట్టి, రెండూ సమానమేనా బుజ్జీ అని అడగండి. అవునంటుంది, లేదా ఒకదాని నుంచి కాస్త గిల్లి రెండోదానికి అంటించి సమానం చేస్తుంది. ఇప్పుడు ఆమె కళ్ళముందే ఒక ఉండను చపాతీలా వత్తండి. దేంట్లో పిండి ఎక్కువుంది? ఎక్కువమంది ఐదేళ్ళ పిల్లలు వత్తినదాన్నే చూపిస్తారు. ఎందుకంటే ‘ఇది పే...ద్దగుంది కదా’. మళ్ళీ ఉండ చేయనా అంటే, అప్పుడు సమానమైపోతుందంటారు. వాళ్ళకు అందులో వైరుధ్యమేమీ కనబడదు. ఎనిమిదేళ్ళ అన్నను అడిగితే, ఏం కలపలేదుగా, తీయలేదుగా అని మీ వంక జాలిగా చూస్తాడు. పదిలపరచుకోవడం (ఆకారం మారినా పరిమాణం మారదని తెలియడం), విపర్యయాత్మకత (చేసిన మార్పును మనసులో వెనక్కి తిప్పగలగడం) అనే మాటలు మీకిక జన్మలో మర్చిపోవు.

ఇక్కడే ఆగొద్దు. మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనే సైకాలజిస్టులు 1974లో ఒక చిలిపి మెలిక పెట్టారు. వరసలో పేర్చిన వస్తువులను పెద్దవాళ్ళు కాకుండా ఒక అల్లరి టెడ్డీబేర్ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే, నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో చాలా ఎక్కువమంది సంఖ్య మారలేదని సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్ళు పనిగట్టుకుని మార్చి, అదే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటి జవాబు తప్పేమో అనుకుంటారు పిల్లలు. మన క్లాసుల్లో టీచర్ ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే పిల్లలు జవాబు మార్చేయడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి పియాజే చూసింది నిజమే, కానీ అందులో కొంత భాగం పిల్లాడి ఆలోచన, కొంత భాగం అడిగిన తీరు. తన ముగ్గురు పిల్లలను గంటల తరబడి గమనించి ఇదంతా మొదలుపెట్టాడాయన, ఆ ఓపికే మనం నేర్చుకోవాల్సింది.

ఎరిక్‌సన్ ఎనిమిది దశలు మన ఇళ్ళకు సరిపోతాయా?

కొంతవరకు. పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి వ్యక్తిత్వం ఎనిమిది దశల్లో ఎదుగుతుందన్న సైకాలజిస్టు ఎరిక్‌సన్, కౌమారంలో నేనెవరు అనే ప్రశ్న తేలాకే యవ్వనంలో సాన్నిహిత్యం వస్తుందన్నాడు. ఇంటర్‌లో ఎంపీసీనా బైపీసీనా అన్నది నాన్న తేల్చి, పెళ్ళి సంబంధం మేనమామ తేల్చే ఇంట్లో ఈ వరస తిరగబడొచ్చు. పెళ్ళయి, పిల్లలు బడికెళ్ళాక నలభయ్యో పడిలో కుట్టు సెంటరో, డిగ్రీయో మొదలుపెట్టి తానెవరో వెతుక్కునే ఆడవాళ్ళు మన మధ్యే ఉన్నారు. దశల్ని తలుపు తాళాల్లా, ఒకటి తీస్తేనే రెండోది అన్నట్టు చదవకండి. ఏ వయసులో ఏ పేచీ పైకొస్తుందో చెప్పే గుర్తులుగా చదివితే ఎరిక్‌సన్ బాగా పనికొస్తాడు.

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనీ అంటారు. ఏది నిజం?

మొదటిది అంతా పుట్టుకే అంటుంది, రెండోది చిన్నప్పటి పెంపకమే అంటుంది. పెద్దయ్యాక మార్పు లేదన్న దగ్గర మాత్రం రెండూ ఒక్కటే. పరిశోధన ఈ మూడింటినీ పూర్తిగా ఒప్పుకోదు.

గెసెల్ కవలల సంగతి తీసుకోండి. ఒక పాపకు 46వ వారం నుంచి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపకు 53వ వారంలో మొదలుపెట్టి రెండు వారాలే నేర్పారు, ఇద్దరూ దాదాపు సమానమయ్యారు. పరిపక్వత రాకముందు తోమినా లాభం తక్కువని దాని సారం. మూడేళ్ళ పిల్లాడి చేత పలక మీద అ ఆలు దిద్దించే ఇళ్ళకు ఇది చెప్పదగ్గదే. ఇటువైపు ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యు జబ్బును చూడండి. జన్యువు మారదు, కానీ పుట్టగానే కనిపెట్టి ప్రత్యేకమైన ఆహారం ఇస్తే బుద్ధిమాంద్యం రాకుండా ఆపవచ్చు. వంశపారంపర్యం అంటే మార్చలేనిది అని అర్థం కాదు.

మాను వంగడం గురించి కింది జవాబు చూడండి.

నలభై దాటితే ఇక జారుడేనా?

అన్నీ జారవు. కొత్త లెక్కను గబగబా తేల్చే చురుకు ముందే తగ్గుతుంది. పదసంపద, అనుభవం మీద ఆధారపడే తెలివి అరవైల దాకా నిలుస్తుంది, కొందరిలో పెరుగుతుంది కూడా. జ్ఞాపకం వెనకబడ్డా పనిలో నేర్పు ఎలా నిలుస్తుందో చెప్పడానికి బాల్టెస్ పియానో విద్వాంసుడు రూబిన్‌స్టెయిన్ ఉదాహరణ ఇచ్చేవాడు. ముసలితనంలో ఆయన వాయించే రచనల సంఖ్య తగ్గించాడు, ఉన్నవాటినే ఎక్కువ సాధన చేశాడు, వేగంగా వాయించాల్సిన చోటుకు ముందు కావాలని నెమ్మదించి వేగం వచ్చినట్టు వినిపించాడు. మన ఊరి ముసలి వడ్రంగులూ, వంటమాస్టర్లూ ఇదే చేస్తారు. బరువు పనులు కుర్రాళ్ళకు వదిలి, రుచి చూడటం, కొలత చెప్పడం తమ దగ్గర పెట్టుకుంటారు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన ఒక అధ్యయనం ప్రపంచమంతా తెలుసు. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరంలోనే ఇలాంటి పని సాధ్యం. అయితే పైన చెప్పింది మర్చిపోకండి: ఇది ఆసుపత్రికి వచ్చినవాళ్ళను చూసి చెప్పిన మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాల్లో ఫలితాలు అన్నీ ఒకలా లేవు.

అమ్మాయిలు ఇప్పుడు ముందే పెద్దమనుషులవుతున్నారు. ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

ఎనిమిదేళ్ళు నిండకముందే రొమ్ముల ఎదుగుదల మొదలైనా, అబ్బాయిల్లో తొమ్మిదికి ముందే మార్పులు కనబడినా చూపించాలి. అలాగే పదమూడు దాటినా అమ్మాయిలో, పద్నాలుగు దాటినా అబ్బాయిలో ఏ మార్పూ లేకపోయినా సరే. రజస్వల అయితే ఎత్తు ఆగిపోతుందన్నది పూర్తిగా నిజం కాదు. అప్పటికి వేగం తగ్గినా, ఆ తర్వాత కూడా మామూలుగా 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు.

టెట్‌లో దీనికి ఎన్ని మార్కులు?

రెండు పేపర్లలోనూ శిశు వికాసం, బోధన శాస్త్రానికి 150లో 30. ప్రశ్నలు ఇప్పుడు నిర్వచనాల కంటే సందర్భాల మీద ఎక్కువగా వస్తున్నాయి. ‘రాము ఇలా చేశాడు, ఇది ఏ నియమం’ అనే రకం. బిట్ బ్యాంకులు చివరి నెలలో చాలు.

ఎక్కడ చదవచ్చు? ఉద్యోగాలుంటాయా?

కమ్యూనిటీ సైన్స్ డిగ్రీలో మానవ వికాసం ఒక విభాగం, రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ ఉంది. తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో హోంసైన్స్, ఆంధ్ర, ఉస్మానియాల్లో సైకాలజీ, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వరల్లో ఆంత్రపాలజీ ఉన్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేయాలనుకుంటే సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఉద్యోగాలు మహిళా శిశు సంక్షేమ శాఖలో, సర్వేల్లో, స్పెషల్ స్కూళ్ళలో, ప్రీస్కూళ్ళలో దొరుకుతాయి. ప్రీస్కూళ్ళ జీతాల గురించి ముందే వాకబు చేసుకోండి.

కేస్ స్టడీ రికార్డు కోసం మా తమ్ముడి కొడుకును పరీక్షించొచ్చా?

గమనించొచ్చు. తల్లిదండ్రులను అడిగి, పేరు మార్చి రాయండి. పిల్లాడు వద్దంటే ఆపేయండి. ‘మొండివాడు’ అని రాయకండి, ఏం చేశాడో రాయండి: బంతి ఇవ్వమంటే వెనక దాచుకున్నాడు, అమ్మ రాగానే ఇచ్చాడు. తెలివి పరీక్షల జోలికి శిక్షణ లేకుండా పోవద్దు. మీరు సరదాగా చెప్పిన ఐక్యూ అంకె ఆ ఇంట్లో పదేళ్ళు తిరుగుతుంది.

ప్రాజెక్టుకు పెద్దవాళ్ళను ఇంటర్వ్యూ చేయాలి. చాలామందికి వయసే తెలియదు. ఏం చేయాలి?

ఈ ఇబ్బంది పెద్ద సర్వేలకూ ఉంది. వయసెంతని అడిగితే అరవై, అరవై ఐదు, డెబ్బై అంటారు, అరవై మూడు అనేవాళ్ళు తక్కువ. గ్రాఫు గీస్తే సున్నా, ఐదు అంకెల దగ్గర గోపురాలు లేస్తాయి. ఆధార్ కార్డు చూసి రాసుకుందామంటే అదీ తిప్పలే. బడిలో చేర్చిన రోజు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన జూన్, జూలై తేదీలే చాలామందికి పుట్టినరోజులు.

దీనికి వాడేది సంఘటనల క్యాలెండరు. ఊరికి వెళ్ళేముందే స్థానికంగా అందరికీ గుర్తున్న ఘటనలు ఏళ్ళతో సహా రాసుకోండి. కృష్ణా జిల్లా తీరమైతే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, గోదావరి ఒడ్డైతే 1986 వరద, తెలంగాణలో 1948 పోలీసు చర్య, 1969 ఉద్యమం. తర్వాత ఇలా నడపండి: ‘అమ్మమ్మా, ఉప్పెన వచ్చేసరికి నీకు పెళ్ళయిందా?’ ‘అయింది నాయనా, పెద్దోడు చంకలో ఉన్నాడు.’ ‘నడుస్తున్నాడా అప్పటికి?’ ‘తప్పటడుగులేస్తున్నాడు.’ పెద్దబ్బాయి 1976లో పుట్టాడని తేలింది. అతను పుట్టేనాటికి పెళ్ళయి ఎన్నేళ్ళు, పెళ్ళినాటికి పెద్దమనిషై ఎన్నేళ్ళు అని వెనక్కి లాక్కుంటూ పోతే రెండు మూడేళ్ళ తేడాలో వయసు దొరుకుతుంది. పెళ్ళికీ మొదటి కాన్పుకూ మధ్య పోయిన బిడ్డలుంటే ఆ ప్రశ్న దగ్గర గొంతు మారుతుంది, తొందరపెట్టకండి.

ఆమె చెప్పిన వయసు, ఆధార్‌లో ఉన్న వయసు, మీరు లెక్కగట్టిన వయసు మూడూ వేర్వేరు గడుల్లో రాయండి. ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి కొట్టేస్తే తర్వాత సరిచూసుకునే దారి ఉండదు.